ఉప్పల్‌కు మరో సీనియర్ బ్యాటర్ అవసరమా?

ఐపీఎల్ సీజన్ ముగిసిన కొన్నాళ్లకు ట్రేడ్ విండో తెరుచుకుంటుంది. అప్పట్నుంచి వేలం దాకా, ఉప్పల్ రింగ్ రోడ్డు మొదలు నాచారం పారిశ్రామికవాడ వరకు ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే ముచ్చట. "మనోళ్లు ఈసారన్న పెద్ద బ్యాటర్‌ను పట్టుకొస్తరా అన్నా?" అని షిఫ్టు దిగొచ్చిన కుర్రాడు అడుగుతాడు. "బ్యాటింగ్ మస్తుగుందిరా, ముందుగాల బౌలర్‌ను తేమను" అని పెద్దాయన అందుకుంటాడు. ఈ వాదం తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉన్న పేట ఇది. మ్యాచ్ రోజున హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా రోడ్డంతా నారింజ రంగు పులుముకుంటుంది. మెట్రో పిల్లర్ల కింద జెర్సీలు అమ్మేవాళ్ల దగ్గర ఏ ఆటగాడి పేరున్న చొక్కా పోతుందో చూస్తే జట్టులో జనం నమ్మకం ఎవరి మీదుందో తెలిసిపోతుంది.

వయసు ముప్పై దాటి, వేల పరుగులు చేసి, ఆటలో ఆరితేరిన బ్యాటర్‌ను వేరే జట్టు నుంచి తెచ్చుకోవడం సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు మంచిదా కాదా? హైదరాబాద్ ఈ ప్రశ్నను 2008 నుంచీ ఎదుర్కొంటూనే ఉంది. ఒకసారి సీనియర్లను కొని దెబ్బతింది, ఒకసారి కొని కప్పు గెలిచింది, ఒకసారి ఉన్న సీనియర్‌ను ఇచ్చేసి రెండేళ్లు బాధపడి ఆ తర్వాత బంగారం పండించుకుంది. ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక్క విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వచ్చేవాడు ఎన్ని పరుగులు చేస్తాడన్న లెక్క కంటే, జట్టులో ఖాళీగా ఉన్న చోటికి వస్తున్నాడా, ఇంకొకరి చోటు లాక్కుంటున్నాడా అన్నదే ఫలితాన్ని తేల్చింది.

ముందు ట్రేడ్ ఎలా జరుగుతుందో చూద్దాం. ఐపీఎల్‌లో ఆటగాణ్ని బదిలీ చేయాలంటే అతని ఒప్పుదల ఉండాలి. ఆటగాడికి బదులు ఆటగాణ్ని ఇవ్వొచ్చు, లేదా పూర్తిగా డబ్బు మీదే తీసుకోవచ్చు. అతని ధర కొత్త ఫ్రాంచైజీ పర్స్‌లోంచి పోతుంది. ఇది కాక రెండు ఫ్రాంచైజీలు తమలో తాము మాట్లాడుకునే బదిలీ రుసుము వేరే ఉంటుంది, అది పర్స్ లెక్కలోకి రాదు. 2025 నవంబర్‌లో సంజూ శాంసన్ చెన్నైకి వెళ్తే రవీంద్ర జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కు వెళ్లడం ఆటగాళ్ల మార్పిడి. అదే నెలలో సన్‌రైజర్స్ మహ్మద్ షమీని 10 కోట్ల ధరకే లక్నోకు పంపడం డబ్బు మీద జరిగిన బదిలీ.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ వ్యవహారం మరింత ప్రమాదకరం. అక్కడ రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కును కూడా ముందే ఇచ్చేయొచ్చు. 2013లో బ్రూక్లిన్ నెట్స్ జట్టు 35 ఏళ్ల పాల్ పియర్స్‌ను, 37 ఏళ్ల కెవిన్ గార్నెట్‌ను బోస్టన్ నుంచి తెచ్చుకుంది. బదులుగా ఇచ్చిన హక్కులతో బోస్టన్ 2016లో జేలెన్ బ్రౌన్‌ను, 2017లో జేసన్ టేటమ్‌ను ఎంచుకుంది. ఆ ఇద్దరే 2024లో బోస్టన్‌కు టైటిల్ తెచ్చిపెట్టారు. నెట్స్‌కు కప్పు రాలేదు. అయితే ఇదే బోస్టన్ 2007లో గార్నెట్‌ను, రే అలెన్‌ను తెచ్చుకుని మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. 2023లో కెవిన్ డ్యురాంట్ కోసం నాలుగు మొదటి రౌండ్ హక్కులు ధారపోసిన ఫీనిక్స్ 2025లో ప్లేఆఫ్స్‌కే వెళ్లలేకపోయింది. అప్పుడు 36 ఏళ్లున్న డ్యురాంట్‌ను హ్యూస్టన్ తీసుకుంది. అక్కడ కూడా సీనియర్ స్కోరర్ విషయంలో ఒకే మాట చెల్లదన్నమాట.

ఐపీఎల్‌లో భవిష్యత్ హక్కులు అమ్ముకునే వీలు లేదు. అందుకే ఇక్కడ తప్పు చేసినా పెద్దగా పోయేదేముంది, మెగా వేలంలో మళ్లీ మొదలుపెట్టొచ్చు అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇన్నింగ్స్‌కు ఉండేవి 120 బంతులే. పవర్‌ప్లేలో కొత్త బంతిని ఎదుర్కొనే చోట్లు రెండే. తుది జట్టులో విదేశీయులు నలుగురే. ఒక సీనియర్ వచ్చి ఓపెనింగ్ చోటు తీసుకుంటే ఇంకో కుర్రాడు మూడేళ్లు డగౌట్‌లో కూర్చుంటాడు. ఆ కుర్రాడు ఆ తర్వాత ఎక్కడ తేలతాడో మనం చూశాం.

సన్‌రైజర్స్‌కు ముందటి హైదరాబాద్ జట్టు దక్కన్ ఛార్జర్స్ కథ చాలామంది మరిచిపోయారు గానీ ఈ ప్రశ్నకు అదే తొలి పాఠం. 2008లో వీవీఎస్ లక్ష్మణ్ ఐకాన్ హోదా వదులుకుని ఫ్రాంచైజీకి డబ్బు మిగిల్చాడు. ఆ డబ్బుతో ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. ధోనీ తర్వాత ఆ వేలంలో అంతటి ధర ఇంకెవరికీ రాలేదు. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది కూడా వచ్చారు. కాగితం మీద అంత పరుగుల బలం ఇంకే జట్టుకూ లేదు. ఫలితం 14 మ్యాచ్‌ల్లో రెండు విజయాలు, ఆఖరి స్థానం. సొంతగడ్డ ఉప్పల్‌లో ఒక్కటీ గెలవలేదు. ఆ సీజన్‌లో రాజస్థాన్‌తో మ్యాచ్ ఈ పేటలో పాతవాళ్లకు ఇప్పటికీ గుర్తే. సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు బాదాడు. జట్టు స్కోరు 214. చివరి ఓవర్లో రాజస్థాన్‌కు 17 పరుగులు కావాలి. బంతి కూడా సైమండ్స్ చేతికే ఇచ్చారు. షేన్ వార్న్ ఆ పరుగులు కొట్టేసి మ్యాచ్ పట్టుకుపోయాడు. సెంచరీ చేసినవాడి చేతే చివరి ఓవర్ వేయించాల్సి వచ్చిందంటే ఆ జట్టులో ఏది తక్కువో అక్కడే తేలిపోయింది.

మరుసటి ఏడాది అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 37 ఏళ్ల గిల్‌క్రిస్ట్ కెప్టెన్‌గా 495 పరుగులు చేశాడు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద 35 బంతుల్లో 85. సీనియర్ బ్యాటర్లను సమర్థించేవాళ్లు చూపించే మొదటి ఉదాహరణ ఇదే, న్యాయంగానే చూపిస్తారు. కానీ ఫైనల్ స్కోర్‌కార్డు కూడా చూడాలి. గిల్‌క్రిస్ట్ కుంబ్లే బౌలింగ్‌లో సున్నాకే అవుటయ్యాడు. గిబ్స్ నెమ్మదిగా, ఓపిగ్గా 53 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. 143 పరుగులే చేసిన జట్టు ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఆ సీజన్‌లో అత్యధిక వికెట్లు, 23, తీసినవాడు మన జట్టు ఆర్పీ సింగ్. అంటే ఒక సీనియర్ విరుచుకుపడ్డాడు, ఇంకో సీనియర్ తాడు తెగకుండా పట్టుకున్నాడు, బౌలర్లు పని పూర్తి చేశారు. మూడూ ఉన్నాయి కాబట్టే కప్పు వచ్చింది.

ఆ గెలుపు జట్టులో మరొకడున్నాడు. తల్లి వైపు విశాఖ మూలాలున్న రోహిత్ శర్మ. 2009లో ముంబై మీద హ్యాట్రిక్ కూడా తీశాడు. 2011 వేలానికి ముందు ఫ్రాంచైజీ అతణ్ని అట్టిపెట్టుకోలేదు. ముంబై 20 లక్షల డాలర్లకు తీసుకుపోయింది. మనవాళ్లు ఆ వేలంలో సంగక్కర, పీటర్సన్, కామెరాన్ వైట్ లాంటి పేరున్న విదేశీ బ్యాటర్ల మీద ఖర్చు పెట్టారు. 2012 తర్వాత దక్కన్ ఛార్జర్స్ అన్నదే లేకుండా పోయింది. రోహిత్ కెప్టెన్సీలో ముంబై అయిదు కప్పులు గెలిచింది. హైదరాబాద్ క్రికెట్ వ్యాపారంలో ఇంతకంటే ఖరీదైన పొరపాటు నాకు కనిపించలేదు.

2013లో సన్‌రైజర్స్ మొదలైనప్పుడు సంగక్కర కెప్టెన్. ఫామ్ లేక టోర్నీ మధ్యలోనే తుది జట్టులో చోటు కోల్పోయాడు. మరుసటి ఏడాది 5.5 కోట్లకు వచ్చిన డేవిడ్ వార్నర్ మాత్రం ఈ ఫ్రాంచైజీ రాత మార్చాడు. 2015లో 562, 2017లో 641, 2019లో 692 పరుగులతో మూడు ఆరెంజ్ క్యాప్‌లు. కప్పు గెలిచిన 2016లో 848. వార్నర్ వచ్చినప్పుడు వయసు 27. కాబట్టి అతణ్ని సీనియర్ స్కోరర్ ఖాతాలో వేయలేం. ఆ ఖాతాలోకి వచ్చేది 2016లో 7 కోట్లకు వచ్చిన యువరాజ్ సింగ్.

యువరాజ్ ఆ సీజన్‌లో పది మ్యాచ్‌ల్లో 236 పరుగులే చేశాడు. ఆరెంజ్ క్యాప్ పట్టికలో ఎక్కడో అడుగున ఉంటాడు. అయినా ఢిల్లీలో కోల్‌కతాతో ఎలిమినేటర్‌లో 30 బంతుల్లో 44, బెంగళూరులో ఫైనల్లో 23 బంతుల్లో 38 అతనివే. టాప్ ఆర్డర్‌లో వార్నర్, ధావన్ ఉన్నారు. వాళ్ల తర్వాత ఒత్తిడి తట్టుకునేవాడు లేడు. ఆ లోటు పూడ్చడానికి వచ్చాడు, పూడ్చాడు. ఫైనల్లో బెన్ కటింగ్ చివర్లో 15 బంతుల్లో 39 చేసి స్కోరు 208కి చేర్చి, బంతితోనూ రెండు వికెట్లు తీశాడు. భువనేశ్వర్ కుమార్ 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ అందుకున్నాడు. కోహ్లీ ఆ సీజన్‌లో 973 పరుగులు చేసి కూడా ఓడిన జట్టులో నిలబడ్డాడు. ఒక్కడి పరుగులకు, జట్టు కప్పుకు మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఆ 973 చాలు.

ఉప్పల్ ప్రేక్షకులకు ఈ దూరం కొత్త కాదు. 2009 నవంబర్ 5న ఆస్ట్రేలియా 350 కొడితే 36 ఏళ్ల సచిన్ ఇదే మైదానంలో 141 బంతుల్లో 175 చేశాడు. వన్డేల్లో 17 వేల పరుగులు దాటింది ఆ రాత్రే. భారత్ మూడు పరుగుల తేడాతో ఓడింది.

ఇక అసలైన ట్రేడ్. 2018 నవంబర్‌లో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చేసింది. ధావన్‌కు 33 నిండబోతున్నాయి. ధర 5.2 కోట్లు. బదులుగా ముగ్గురు వచ్చారు. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్ ఇద్దరిదీ తలా 3.2 కోట్లు. మూడోవాడు 55 లక్షల కుర్రాడు, పద్దెనిమిదేళ్ల అభిషేక్ శర్మ. ఆ రోజుల్లో చర్చంతా శంకర్ గురించే. భారత జట్టు తలుపు తడుతున్న ఆల్‌రౌండర్ దొరికాడని సంబరం. అభిషేక్ పేరు ముగ్గురిలో చివర ఉండేది.

వెంటనే చూస్తే ఢిల్లీయే గెలిచింది. ధావన్ 2019లో 521, 2020లో వరుసగా రెండు సెంచరీలతో కలిపి 618 పరుగులు చేశాడు. 2019లో విశాఖపట్నంలో ఎలిమినేటర్‌లో సన్‌రైజర్స్‌ను ఇంటికి పంపింది ఢిల్లీయే. 2020లో అబుదాబిలో రెండో క్వాలిఫయర్‌లో ధావన్ 50 బంతుల్లో 78 కొట్టి మనల్ని మళ్లీ ఫైనల్ గుమ్మం దగ్గరే ఆపాడు. ఏ టీ కొట్టు దగ్గరైనా ఆ రోజు "పోయి పోయి ధావన్‌నే ఇస్తిమి" అన్న మాట వినపడి ఉంటే అందులో తప్పు పట్టలేం. మూడు సీజన్ల దాకా అభిషేక్ జట్టులోకి వస్తూ పోతూ ఉన్నాడే గానీ నిలదొక్కుకోలేదు. శంకర్, నదీమ్ వెళ్లిపోయారు.

అయినా ఫ్రాంచైజీ అభిషేక్‌ను వదల్లేదు. 2022 మెగా వేలంలో 6.5 కోట్లు పెట్టి మళ్లీ తెచ్చుకుంది. ఆ ఏడాది ఓపెనర్‌గా 426 పరుగులు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు, స్ట్రైక్ రేట్ 200కు పైనే. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 245 చేసింది. అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు, పద్నాలుగు ఫోర్లు, పది సిక్సర్లు. ఐపీఎల్‌లో ఒక భారతీయుడి అత్యధిక స్కోరు అది. సెంచరీ కాగానే జేబులోంచి చీటీ తీసి ఆరెంజ్ ఆర్మీకి చూపించాడు. జట్టు ఇంకా తొమ్మిది బంతులుండగానే గెలిచింది.

ఈ ట్రేడ్‌ను రెండేళ్ల మీద తూచితే నష్టం, ఏడేళ్ల మీద తూచితే దోపిడీ అనదగ్గ లాభం. ఢిల్లీ తప్పు చేసిందని కూడా అనలేం. వాళ్లకు అప్పటికప్పుడు టాప్‌లో అనుభవం కావాలి. పృథ్వీ షా, పంత్, శ్రేయస్ అందరూ కుర్రాళ్లే. వాళ్ల మధ్యలో నిలబడే పెద్దమనిషి చోటు నిజంగానే ఖాళీగా ఉంది. ధావన్ ఆ చోటుకు సరిగ్గా సరిపోయాడు, 2020లో ఢిల్లీ తొలిసారి ఫైనల్‌కు చేరింది. ఒక ట్రేడ్‌లో ఇద్దరూ బాగుపడటం సాధ్యమేనని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. తెచ్చుకున్నవాళ్లకు ఖాళీ ఉండాలి, ఇచ్చినవాళ్లకు ఓపిక ఉండాలి.

దీన్నిబట్టి కుర్రాళ్ల మీదే పెట్టుబడి పెట్టాలి, సీనియర్లు వద్దు అని తీర్మానించేయొచ్చా? తొందరపడొద్దు. 2022 డిసెంబర్ మినీ వేలం ఆ తీర్మానాన్ని తల్లకిందులు చేస్తుంది. సన్‌రైజర్స్ 23 ఏళ్ల హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పోసింది. అదే బల్ల దగ్గర కూర్చుని, అదే రోజున 31 ఏళ్ల హెన్రిచ్ క్లాసెన్‌ను 5.25 కోట్లకు తీసుకుంది. 2023 సీజన్‌లో బ్రూక్ 190 పరుగులు చేశాడు, అందులో సరిగ్గా వంద ఒక్క కోల్‌కతా మ్యాచ్‌లోవే. క్లాసెన్ 448 చేశాడు. తర్వాత రెండేళ్లలో క్లాసెన్ ఈ లీగ్‌లోనే స్పిన్‌ను చీల్చి చెండాడే బ్యాటర్‌గా పేరు తెచ్చుకుని 23 కోట్ల రిటెన్షన్‌కు ఎదిగాడు.

అదే వేలంలో మూడో కొనుగోలు ఒకటుంది. 31 ఏళ్ల మయాంక్ అగర్వాల్‌కు 8.25 కోట్లు. అనుభవమున్న భారతీయ ఓపెనర్, ఎవరూ వేలెత్తి చూపలేని ఎంపిక. పది మ్యాచ్‌ల్లో 270 పరుగులు చేశాడు. వచ్చిన చిక్కు ఆ 270తో కాదు. ఓపెనింగ్‌లో అప్పటికే 426 పరుగుల అభిషేక్ ఉన్నాడు. అగర్వాల్, బ్రూక్, అభిషేక్ ఒకే చోటు చుట్టూ తిరిగారు. అభిషేక్ బ్యాటింగ్ స్థానం మారుతూ పోయింది. ఆ ఏడాది అతని పరుగులు 226కు పడిపోయాయి, జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. క్లాసెన్, అగర్వాల్ ఒకే వయసువాళ్లు, ఒకే వేలంలో వచ్చారు. ఒకరు ఖాళీ ఉన్న మిడిలార్డర్‌లోకి, ఇంకొకరు నిండి ఉన్న ఓపెనింగ్‌లోకి. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సీనియర్లను వాడుకోవడంలో చెన్నైని మించినవాళ్లు లేరు, ఆ దెబ్బ తిన్నది కూడా మనమే. 2018 ఫైనల్లో 36 ఏళ్ల షేన్ వాట్సన్ 57 బంతుల్లో 117 చేసి మన కప్పును లాక్కున్నాడు. అతని ధర 4 కోట్లు. ఆ సీజన్‌లో గుంటూరువాడు అంబటి రాయుడు 2.2 కోట్లకే 602 పరుగులు చేసిపెట్టాడు. లీగ్ దశలో పుణేలో మన మీదే అజేయ సెంచరీ. 2023లో అజింక్య రహానెను కనీస ధర 50 లక్షలకు తీసుకుని 326 పరుగులు రాబట్టుకుని కప్పు గెలిచారు. గమనించాల్సింది ధరలు. చెన్నై అరిగిన చొక్కాలను కొత్త చొక్కాల ధరకు ఎప్పుడూ కొనలేదు. ఆ పద్ధతికి కూడా హద్దుంది. 2020లో ఏడో స్థానం, 2025లో ఆఖరి స్థానం. అనుభవం ఒక్కసారిగా వయసుగా మారిపోయిన ఏళ్లవి.

మన సన్‌రైజర్స్ 2022 సీజన్‌కు కేన్ విలియమ్సన్‌ను 14 కోట్లకు అట్టిపెట్టుకున్నప్పుడు ఈ హద్దు చూడలేదు. 2018లో 735 పరుగులు చేసి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లిన కెప్టెన్ ఆయన. ఆయన మీద ఉన్న గౌరవంలో ఎవరికీ వెలితి లేదు. కానీ ఆ ధర 2018 పరుగులకు ఇచ్చింది. ఏడాది తిరగకుండా వదిలేయాల్సి వచ్చింది. మరోవైపు అంతకుముందే వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి, తుది జట్టు నుంచి తప్పించి పంపేసిన తీరు ఈ పేట జనాన్ని నిజంగా గాయపరిచింది. ఆ తర్వాత కొన్ని నెలలకే వార్నర్ టీ20 ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022 మేలో ఢిల్లీ తరఫున మన మీద 92 నాటౌట్. సీనియర్‌ను తెచ్చుకోవడం ఎంత కష్టమో, ఉన్న సీనియర్ ఎప్పుడు అయిపోయాడో తేల్చుకోవడం అంతకంటే కష్టం.

కబడ్డీలో తెలుగు టైటాన్స్ సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. బాస్కెట్‌బాల్ స్కోరర్‌కు దగ్గరి చుట్టం రైడర్. ప్రొ కబడ్డీ పదో సీజన్‌లో పవన్ సెహ్రావత్‌ను రికార్డు ధర 2.605 కోట్లకు తీసుకున్నారు. అతను 202 రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచింది. పాయింట్లు తెచ్చేవాడు ఒంటరి అయితే ప్రత్యర్థి డిఫెన్స్ పని తేలికవుతుంది. పట్టేవాళ్లు లేకపోతే తెచ్చిన పాయింట్లు ఇటు నుంచి అటు పోతాయి.

ఇప్పుడు సన్‌రైజర్స్ జట్టును చూద్దాం. 2025 సీజన్‌కు ముందు అయిదుగురిని అట్టిపెట్టుకోవడానికి 75 కోట్లు వెచ్చించారు. క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్, అభిషేక్ తలా 14, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. ఈ అయిదుగురిలో నలుగురు ప్రధానంగా బ్యాటింగ్ కోసమే. దాని మీద ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు. 2024 మార్చిలో ఉప్పల్‌లో ముంబై మీద 277, 2025 మార్చిలో అక్కడే రాజస్థాన్ మీద 286. లక్నో ఇచ్చిన 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలోనే వికెట్ పోకుండా ఊదేసింది ఈ జట్టే. పరుగుల కరువు లేదు.

కరువు వచ్చే రోజులు కొన్నున్నాయి, అవి ఎప్పుడొస్తాయో కూడా తెలుసు. పిచ్ కాస్త నెమ్మదించి, బంతి ఆగి వస్తే ఈ టాప్ ఆర్డర్ పేకమేడలా కూలుతుంది. 2024 ఫైనల్లో చెపాక్‌లో 113. 2025 ఏప్రిల్‌లో ఈడెన్‌లో 120. మూడు రోజులకే ఉప్పల్‌లో గుజరాత్ మీద 152, నాలుగు వికెట్లు తీసింది మన హైదరాబాద్ సిరాజే. అదే నెల 23న ఉప్పల్‌లో ముంబై మీద 35 పరుగులకే అయిదు వికెట్లు పోతే క్లాసెన్ ఒక్కడు 71 చేసి 143కు లాక్కొచ్చాడు. సీనియర్ బ్యాటర్ కావాలనేవాళ్ల వాదనకు నిజమైన బలం ఈ నాలుగు మ్యాచ్‌ల్లో ఉంది, 2009లో గిబ్స్ ఆడిన ఇన్నింగ్స్‌లో ఉంది. ఆ వాదనను నేను సగం ఒప్పుకుంటాను. నాలుగో స్థానంలో వచ్చి, స్పిన్‌ను చదివి, పన్నెండో ఓవర్ దాకా వికెట్ ఇవ్వని భారతీయుడు ఉంటే మంచిదే. భారతీయుడనే అంటున్నాను, ఎందుకంటే హెడ్, క్లాసెన్, కమిన్స్ తర్వాత విదేశీ చోటు ఒక్కటే మిగులుతుంది, అది బౌలర్‌కు కావాలి. 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఉంది కాబట్టి ఫీల్డింగ్‌లో నెమ్మదించిన సీనియర్‌ను కూడా బ్యాటింగ్‌కే వాడుకోవచ్చు. అలాంటివాడు రెండు మూడు కోట్లలో, రహానె చెన్నైకి దొరికినట్టు దొరికితే తీసుకోవాలి. పది కోట్లు దాటే పేరున్న ఓపెనర్ కోసం ట్రేడ్‌కు దిగితే మాత్రం అది అగర్వాల్ కథే మళ్లీ.

మిగిలిన సగం ఎందుకు ఒప్పుకోనంటే, అభిషేక్ 141 కొట్టిన రోజు స్కోర్‌కార్డులో రెండో పక్క కూడా చూడాలి. షమీ నాలుగు ఓవర్లలో వికెట్ లేకుండా 75 పరుగులు ఇచ్చాడు. చివరి ఓవర్లో స్టొయినిస్ వరుసగా నాలుగు సిక్సర్లు బాదాడు. 10 కోట్ల సీనియర్ బౌలర్ ఆ సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లే తీశాడు. అదే సీజన్‌లో, పదకొండేళ్లు మన జెర్సీ వేసుకున్న భువనేశ్వర్ 10.75 కోట్లకు బెంగళూరు వెళ్లి 17 వికెట్లు తీసి కప్పు ఎత్తాడు. మన జట్టు ఆరో స్థానంలో ఆగిపోయింది. 2018లో ఇదే ఫ్రాంచైజీ వాంఖడేలో 118 చేసి ముంబైని 87కు కుప్పకూల్చింది. రెండు రోజులకు ఉప్పల్‌లో 132 చేసి పంజాబ్‌ను 119కి ఆపింది. ఆ జట్టుకు పెద్ద స్కోరర్లు ఇద్దరే, విలియమ్సన్, ధావన్. బౌలర్లు మాత్రం అయిదుగురు.

2025 డిసెంబర్ మినీ వేలంలో సన్‌రైజర్స్ తన 25.5 కోట్లలో 13 కోట్లు లియమ్ లివింగ్‌స్టన్ కోసం వెచ్చించింది. ముప్పై దాటిన విదేశీ హిట్టర్, బంతిని అటూ ఇటూ తిప్పగల స్పిన్నర్. మిడిలార్డర్‌కు వచ్చాడు కాబట్టి బ్యాటింగ్ ఆర్డర్‌లో చోటు విషయంలో నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా మిగిలిన ఆ ఒక్క విదేశీ చోటు, సగం పర్స్ మళ్లీ బ్యాట్ వైపే వంగడం మీద. 2028 సీజన్‌కు ముందు మెగా వేలం వస్తుంది. అప్పటిలోగా వచ్చే ట్రేడ్ విండోల్లో యాజమాన్యం ఫోన్ చేయాల్సింది సీనియర్ స్కోరర్ ఉన్న జట్లకు కాదు. డెత్ ఓవర్లలో యార్కర్ వేసే భారతీయ పేసర్, బంతిని తిప్పి వికెట్ తీసే భారతీయ స్పిన్నర్ బెంచ్ మీద కూర్చున్న జట్లకు చేయాలి. బదులుగా ఇవ్వడానికి ఇష్టపడకూడని పేర్లు రెండు, అభిషేక్, నితీశ్. మిగతా ఎవరి గురించైనా మాట్లాడొచ్చు.